టెన్షన్ పెరిగాక దించుకోవడం కంటే పుట్టకుండా చూసుకోవడమే తేలిక

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. 1967లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు పరిశోధకులు మనిషి జీవితంలో ఎదురయ్యే 43 సంఘటనలు తీసుకుని, ఒక్కోటి మనిషిని ఎంత కుదిపేస్తుందో లెక్కగట్టి మార్కులు వేశారు. భర్త లేదా భార్య చనిపోతే 100, విడాకులకు 73, పెళ్లికి 50, రిటైర్మెంటుకు 45. కొడుకో కూతురో ఇల్లు వదిలి వెళ్తే 29, అత్తింటివాళ్లతో గొడవలకీ అంతే. ఇల్లు మారితే 20, సెలవులకు ఊరెళ్లినా 13. జరిగింది మంచో చెడో శరీరానికి అనవసరం, మార్పు వస్తే చాలు, దానికి సర్దుకోవాలి కాబట్టి భారం పడుతుంది. కూతురి పెళ్లి బ్రహ్మాండంగా చేసిన తల్లిదండ్రులు ఆ మర్నాడే జ్వరంతో మంచం పట్టడం చాలా ఇళ్లలో చూసేదే.

అయితే పెళ్లిళ్లు, రిటైర్మెంట్లు రోజూ జరిగేవి కావు కదా. ఏడాది పొడవునా ఇంట్లో చెప్పుకోదగ్గ మార్పేమీ లేకపోయినా సాయంత్రం ఆరయ్యేసరికి తల దిమ్మెక్కిపోయి, ఎవరు పలకరించినా కస్సుమనేవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లకు ఆ టెన్షన్ ఎక్కడి నుంచి వస్తోంది? 1981లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రిచర్డ్ లాజరస్ బృందం దీన్నే పట్టుకుంది. వంద మంది నడివయసు వాళ్లను నెలల తరబడి గమనిస్తూ, ఆ నెలలో వాళ్లను విసిగించిన చిన్న చిన్న విషయాలేంటో రాయించుకుంది. సరుకుల ధరలు పెరగడం, వస్తువులు పెట్టినచోట కనిపించకపోవడం, చేయాల్సిన పనులు మరీ ఎక్కువైపోవడం, ఇంటి రిపేర్లు, ఇంట్లో ఒకరి ఆరోగ్యం, పెరుగుతున్న ఒళ్లు, ఇలాంటివే వచ్చాయి. చివరికి తేలిందేమిటంటే, మనసు ఎంత నలిగిపోతుందో చెప్పడానికి పెద్ద సంఘటనల లెక్క కంటే ఈ చిరాకుల లెక్కే బాగా పనికొచ్చింది.

టెన్షన్ తగ్గించుకోవాలి అనగానే అందరికీ గుర్తొచ్చేవి ధ్యానం క్లాసులు, యోగా, వీకెండ్‌లో ఎక్కడికైనా వెళ్లిరావడం. అవి మంచివే. కానీ అవన్నీ టెన్షన్ ఒంట్లోకి ఎక్కాక దించుకునే పద్ధతులు. అసలు ఎక్కకుండా చూసుకునే అవకాశం చిన్న చిరాకుల దగ్గరే ఉంది, ఎందుకంటే చావునో ఉద్యోగం పోవడాన్నో ఎవరూ ఆపలేరు గానీ బండి తాళాలు వెతుక్కోవడాన్ని ఎవరైనా ఆపగలరు. ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. చిన్నదెందుకు కాదో తెలియాలంటే శరీరం లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోట్లాటకో పరుగుకో సిద్ధమవుతుందని హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త నూరేళ్ల క్రితమే వివరించాడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కడుపు నుంచి కండరాలకు మళ్లుతుంది, అరుగుదల ఆగుతుంది. ఆ వెనకే కార్టిసాల్ అనే హార్మోన్ వచ్చి రక్తంలో చక్కెర పెంచి శక్తి అందిస్తుంది. కుక్క తరుముకొస్తే ఇదంతా ప్రాణం కాపాడే ఏర్పాటు, రెండు నిమిషాల్లో అయిపోతుంది, అరగంటలో మనిషి మామూలవుతాడు. చిక్కెక్కడంటే ఇదే ఏర్పాటు ఆఫీసు మెసేజ్‌కీ లేస్తుంది, ఆటో దొరక్కపోయినా లేస్తుంది, స్కూలు వ్యాన్ హారన్ కొడుతుండగా పిల్లాడి రెండో సాక్సు కనబడకపోయినా లేస్తుంది. ఒకటి చల్లారేలోగా ఇంకొకటి. 1936లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యే ఎలుకలను చలి, గాయం, అలసట లాంటి రకరకాల ఇబ్బందులకు గురిచేసి చూస్తే, కారణం ఏదైనా వాటి ఒంట్లో ఒకే రకం నష్టం కనిపించింది. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగాలతో పోరాడే కణజాలం కుదించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి.

ఆ కడుపు పుండ్ల దగ్గరే ఇంకో పరిశోధన ఉంది, టెన్షన్ గురించి మాట్లాడేటప్పుడు అందరికీ చెప్పాల్సినంత విలువైనది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో 1970 ప్రాంతంలో జే వైస్ అనే శాస్త్రవేత్త రెండు ఎలుకల తోకలకు ఒకే తీగ కలిపి, ఒకే సమయంలో ఒకే మోతాదు కరెంటు షాక్ ఇచ్చాడు. తేడా ఒక్కటే. ఒక ఎలుకకు షాక్‌కు ముందు బీప్ వినిపించేది, రెండో ఎలుకకూ బీప్‌లు వినిపించేవి గానీ వాటికీ షాక్‌కూ సంబంధం ఉండేది కాదు. బాధ ఇద్దరికీ సమానమే. కానీ ఎప్పుడొస్తుందో తెలియని ఎలుక కడుపులో పుండ్లు చాలా ఎక్కువ. ముందే తెలిసిన ఎలుకకు బీప్ లేనంతసేపూ నిశ్చింతగా ఉండే వీలు దొరికింది, రెండోదానికి ఆ వీలు ఒక్క క్షణం కూడా లేదు. ఇంకో ప్రయోగంలో ఒక ఎలుకకు షాక్‌ను ఆపుకునే ఏర్పాటు ఇచ్చి, రెండోదానికి ఇవ్వలేదు. మొదటిది ఆపితే ఇద్దరికీ ఆగుతుంది, అంటే షాక్ మళ్లీ సమానమే. అక్కడ కూడా చేతిలో ఏమీ లేని ఎలుకే ఎక్కువ దెబ్బతింది.

మూగజీవాలను అలా హింసించడం బాధ కలిగించేదే, అయినా అవి నేర్పినదాన్ని మనం వాడుకోకపోతే ఇంకా అన్యాయం. మనిషిని నలిపేసేది పని బరువు ఒక్కటే అనుకుంటాం. కానీ ఎప్పుడు ఏం మీద పడుతుందో తెలియకపోవడం, పడ్డాక మన చేతిలో ఏమీ లేకపోవడం, ఈ రెండూ అంతకంటే ఎక్కువ నలుపుతాయి. కాబట్టి టెన్షన్ తగ్గించే ఏ చిట్కానైనా ఒక్క ప్రశ్నతో తూచి చూడొచ్చు: దీనివల్ల రేపు ఏం జరుగుతుందో కొంచెమైనా ముందే తెలుస్తుందా, నా చేతిలో కొంచెమైనా పట్టు పెరుగుతుందా?

ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు బడికెళ్లే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా చూడండి. కుక్కర్ విజిల్ వేస్తుంటుంది, ఒకరు స్నానానికి నీళ్లు వేడెక్కలేదంటారు, ఇంకొకరు ఇవాళ స్కూలుకి చార్ట్ పేపర్ తీసుకెళ్లాలని అప్పుడే గుర్తు చేస్తారు, ఇస్త్రీ చేయని యూనిఫాం, సంతకం పెట్టని డైరీ, మూత దొరకని బాక్సు. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో కార్టిసాల్ సహజంగానే బాగా పెరుగుతుంది, మనల్ని మంచం మీంచి లేపి పనిలోకి దింపేది అదే. అలాంటి సమయంలో ఇన్ని ఆశ్చర్యాలు ఒకేసారి మీద పడితే ఇంట్లో అరుపులు రాక ఏమొస్తాయి. పొద్దున అరిచిన అరుపు మధ్యాహ్నం దాకా మనసులో తిరుగుతూనే ఉంటుంది, అరిచినవాళ్లకూ, అనిపించుకున్న పిల్లలకూ.

ఇక్కడ చేయగలిగింది చాలా మామూలు విషయం. రాత్రి భోజనాలయ్యాక పదిహేను నిమిషాలు. రేపటి బట్టలు కుర్చీ మీద, బ్యాగు గుమ్మం దగ్గర, తాళాలు హెల్మెట్ ఒకే మేకుకి, డైరీ చూసి సంతకం. కూరగాయలు తరిగి పెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అంతకంటే ముఖ్యం ఏ కూరో రాత్రే తేల్చేసుకోవడం. ఎందుకంటే వండటం కంటే ఏం వండాలో ఆలోచించడమే ఎక్కువ అలసట అని వంటింట్లో నిలబడే ఎవరిని అడిగినా చెబుతారు. సోమవారం పప్పు, మంగళవారం బెండకాయ వేపుడు, బుధవారం గుడ్డు అని వారానికి సరిపడా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తే, ఆ రోజువారీ ప్రశ్న వారానికి ఒక్కసారికి తగ్గుతుంది. మధ్యలో మార్చుకోవాలనిపిస్తే మార్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. పిండి అయిపోయిందని ఉదయం ఏడింటికి తెలియకుండా ఉంటే చాలు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలనీల్లో నీళ్ల రోజులు కూడా ఆ కాగితం మీదే రాయొచ్చు.

ఈ పదిహేను నిమిషాలు ఎవరివి అన్నది అసలు ప్రశ్న. 2019లో దేశమంతటా జరిగిన కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు అని తేలింది. ఆ లెక్కలోకి రాని పని ఇంకొకటుంది, గుర్తుపెట్టుకోవడం. గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలి, మామగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, చిన్నదానికి టీకా ఏ తేదీ, ఆదివారం ఎవరింట్లో గృహప్రవేశం, వాళ్లకేం పెట్టాలి. చేతులు ఖాళీగా ఉన్నా తల ఖాళీగా ఉండదు. నువ్వు చెప్పు, చేస్తాను అనే భర్తలు మంచివాళ్లే, కానీ చెప్పాల్సిన బాధ్యత భార్య మీదే ఉన్నంతకాలం ఆమె బరువు సగం కూడా తగ్గదు. ఒక పని పంచుకుంటే గుర్తుపెట్టుకోవడంతో సహా మొత్తం పంచుకోవాలి. మందుల సంగతి ఒకరిది అనుకుంటే అయిపోకముందే తెచ్చే పూచీ కూడా వాళ్లదే, ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. టెన్షన్ తగ్గించే పద్ధతుల్లో ఇది అన్నిటికంటే తక్కువ చెప్పబడేది, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది అని గట్టిగా అనొచ్చు.

ఇక ఫోను. వైస్ ప్రయోగంలోని రెండో ఎలుకకు వినిపించిన బీప్‌లే మన జేబుల్లో మోగుతున్నాయి. ఒక మెసేజ్ గుడ్ మార్నింగ్ పువ్వు, తర్వాతది మేనేజర్ కోపం, ఆ తర్వాతది బ్యాంకు నుంచి డబ్బు కట్ అయిందని, దేనికి మోగిందో తీసి చూస్తేగానీ తెలియదు కాబట్టి ప్రతిసారీ ఒళ్లు ఉలిక్కిపడుతుంది. 2015లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 124 మందిని ఒక వారం రోజుకు మూడుసార్లే ఈమెయిల్ చూడమని, ఇంకో వారం ఎన్నిసార్లయినా చూసుకోమని చెప్పి పోల్చారు. మూడుసార్లు చూసిన వారంలో టెన్షన్ తక్కువగా నమోదైంది. ఫోన్ పూర్తిగా మానేయమనడం ఈ రోజుల్లో కుదరని సలహా. కుదిరేదేమిటంటే, అపార్ట్‌మెంట్ గ్రూపు, చిన్ననాటి స్నేహితుల గ్రూపు, చుట్టాల గ్రూపు మ్యూట్‌లో పెట్టి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి తీరిగ్గా చూడటం. అమ్మానాన్నలకు, పిల్లల స్కూలుకు, ఆఫీసు అత్యవసరాలకు వేరే రింగ్‌టోన్ పెడితే, మిగతా మోతలన్నీ ఆగొచ్చని చెవులకే తెలిసిపోతుంది.

అమెరికా టైమింగ్స్‌లో పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు ఇది ఇంకో రకంగా తగులుతుంది. సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే కాల్స్ రాత్రి పదకొండు దాకా సాగుతుంటే ఇంట్లోవాళ్లకు మనిషి ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఇలాంటి ఇళ్లలో మంగళ, గురువారాలు రాత్రి తొమ్మిది దాకా కాల్స్, మిగతా రోజులు ఎనిమిదికల్లా భోజనం అని ముందే చెప్పి ఉంచడం వల్ల కాల్స్ తగ్గవు గానీ, ఎదురుచూపు తగ్గుతుంది. ఎదురుచూపుతోనే సగం గొడవలు మొదలవుతాయి. అటు అమెరికాలో ఉన్న పిల్లల ఫోన్ కోసం ఇక్కడ తల్లిదండ్రులు పడే ఆరాటమూ ఇలాంటిదే. ఎప్పుడో వీలు దొరికినప్పుడు గంటసేపు మాట్లాడటం కంటే, ఆదివారం పొద్దున ఎనిమిదికి పదిహేను నిమిషాలు అని ఖాయం చేస్తే ఆ వారమంతా వాళ్లకు ప్రశాంతంగా గడుస్తుంది.

డబ్బు టెన్షన్‌కు చిట్కాలు చెప్పడం అన్యాయం అనిపిస్తుంది, జీతం చాలనివాళ్లకు లోతుగా శ్వాస తీసుకోమంటే ఏం ఉపయోగం. అయినా ఒక్క విషయం ఇక్కడా పనిచేస్తుంది. అప్పుల్లో ఉన్నవాళ్లు చాలామంది మొత్తం ఎంతో చూసుకోరు, చూస్తే భయం కాబట్టి. క్రెడిట్ కార్డు ఒకటి, బంగారం లోను ఒకటి, తెలిసినవాళ్ల దగ్గర చేబదులు, చిట్టీ బాకీ, అన్నీ విడివిడిగా ఉన్నంతసేపూ ఏది ఎప్పుడు మీద పడుతుందో తెలియదు. ఒక కాగితం మీద ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీ అని వరసగా రాస్తే మొత్తం చూసి గుండె ఆగినట్టయినా, మర్నాటి నుంచి భయానికి ఒక హద్దు ఏర్పడుతుంది. ఈఎంఐ తేదీలన్నీ జీతం పడిన వారంలోకే మార్చమని బ్యాంకును అడగొచ్చు, కొన్ని బ్యాంకులు మారుస్తాయి. ఇంకో సంగతి తెలిసి ఉండాలి: బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత బాకీ వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో ఆదేశించింది. బూతులు తిట్టడం, చుట్టాలకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా నిషేధమే. ఈ మాట తెలిసిన మనిషి ఫోన్ ఎత్తే తీరే వేరుగా ఉంటుంది.

ఎన్ని ముందుజాగ్రత్తలు తీసుకున్నా కొంత టెన్షన్ ఒంట్లోకి ఎక్కుతుంది. అప్పుడు దించుకోవడానికి చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే త్వరగా పనిచేసేది శ్వాస. నమ్మకం లేకపోతే ఇప్పుడే పరీక్షించుకోవచ్చు. ఎడమ మణికట్టు మీద బొటనవేలి వైపు కుడిచేతి రెండు వేళ్లు ఆన్చి నాడి దొరికాక, నెమ్మదిగా నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకోవడం చాలామందికి తెలుస్తుంది. మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ నరం గాలి వదిలేటప్పుడు గుండెకు కళ్లెం వేస్తుంది, అందుకే వదలడం పీల్చడం కంటే పొడవుగా ఉండాలి. మామూలుగా మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాడు, ఈ లెక్కన ఆరుసార్లకు తగ్గుతుంది. గుండె తనంతట తానే కొట్టుకుంటుంది, కడుపు తనంతట తానే అరిగించుకుంటుంది, ఊపిరి మాత్రం తనంతట తానూ నడుస్తుంది, మనం చెప్పినట్టూ వింటుంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నెలరోజులపాటు రోజుకు ఐదు నిమిషాలు గాలి వదలడాన్ని పొడిగించే అభ్యాసం చేసినవాళ్ల మనసు, అంతే సమయం ధ్యానం చేసినవాళ్ల మనసు కంటే మెరుగైంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, లిఫ్టులో, ఇంటర్వ్యూ గది బయట, ఎక్కడైనా చేయొచ్చు, పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు.

టీ కాఫీల సంగతి. టెన్షన్‌గా ఉంది, ఒక టీ పడితే బాగుండు అనడం మనకు అలవాటు, లేచి వెళ్లి నలుగురితో నిలబడి తాగడంలో నిజంగానే ఊరట ఉంది. కానీ అందులోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి స్ట్రాంగ్ కాఫీలో సగం రాత్రి పదకొండుకు ఇంకా రక్తంలోనే ఉంటుంది. నిద్ర పట్టక ఫోన్ చూడటం, ఉదయం అలసటగా లేచి ఇంకో కప్పు ఎక్కువ తాగడం, ఇలా చుట్టూ తిరుగుతుంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక మానేసి రెండు వారాలు చూస్తే తేడా తెలుస్తుంది. సాయంత్రం నలుగురితో వెళ్లడం మానక్కర్లేదు, కప్పులో మజ్జిగో నిమ్మరసమో ఉంటే సరి.

పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, ఇది అందరూ వినే మాటే. పడుకుంటే చాలదు, పట్టాలి కదా. తలగడ మీద తల పెట్టగానే రేపటి పనులన్నీ ఒకదాని వెనక ఒకటి రావడం మామూలే, మరిచిపోతామేమోనని మెదడు వాటిని తిప్పి తిప్పి గుర్తు చేస్తుంటుంది. టెక్సాస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో 2018లో ప్రచురించిన ప్రయోగంలో 57 మంది యువతను రెండు జట్లు చేసి, నిద్రకు ముందు ఐదు నిమిషాలు ఒక జట్టును రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు, రెండో జట్టును ఇప్పటికే పూర్తయిన పనులు రాయమన్నారు. చేయాల్సిన పనులు రాసినవాళ్లకు సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టిందట. కాబట్టి బ్యాంకు పని అని రాసి ఊరుకోకుండా, పదకొండింటికి బ్యాంకు, ఆధార్ జిరాక్స్, పాస్‌బుక్ అని రాయాలి. ఫోన్‌లో కాకుండా కాగితం మీదే, ఫోన్ పట్టుకుంటే ఐదు నిమిషాలు యాభై అవుతాయి.

నడక గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. పోట్లాటకో పరుగుకో సిద్ధమైన శరీరానికి నిజంగా నాలుగడుగులు వేసే పని ఇస్తే దాని లెక్క తీరిపోతుంది. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి బండి దిగీ దిగగానే లోపలికి వెళ్లకుండా వీధి చివరిదాకా ఒకసారి నడిచొస్తే, ఆఫీసు కోపం గడప దాటకుండా ఆగుతుంది.

మందు సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి, ఎందుకంటే టెన్షన్ పేరుతోనే చాలా ఇళ్లలో అది అలవాటవుతోంది. మద్యం నిద్ర త్వరగా పట్టిస్తుంది, నిజమే, కానీ రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో మెలకువ వచ్చి, ఉదయానికి నిన్నటి కంటే ఎక్కువ ఆందోళన మిగులుతుంది. సిగరెట్ కూడా అంతే, అది తీర్చే ఆరాటంలో చాలా భాగం ముందు సిగరెట్ తెచ్చిపెట్టిందే.

మాట్లాడుకోవడం వేరే విషయం. సాయంత్రం అరుగుల మీద కూర్చుని కష్టం సుఖం చెప్పుకునే వీలు అపార్ట్‌మెంట్లలో పోయింది. ఉన్నంతలో వినే మనిషి ఒకరుంటే చాలు, కానీ వినడం తెలిసినవాళ్లు కావాలి. ఒకరు బాధ చెప్పగానే దానికేముంది, మా దగ్గరైతే ఇంకా ఘోరం అని అందుకునేవాళ్లూ, వెంటనే సలహా ఇచ్చేసేవాళ్లూ మంచి ఉద్దేశంతోనే నోరు మూయించేస్తారు. అప్పుడేం చేశావు, తర్వాతేమైంది అని అడిగితే సరిపోతుంది.

పిల్లల పరీక్షల టెన్షన్ దగ్గర ఈ తెలియకపోవడం అన్న మాట గుండెలు పిండుతుంది. ఇంటర్ ఫలితాల రోజు తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఏళ్లుగా చదువుతూనే ఉన్నాం. ఫెయిలైతే ఏమవుతుందో ఆ పిల్లకో పిల్లాడికో ఎవరూ చెప్పి ఉండరు, అమ్మ ఏమంటుంది, నాన్న ఎలా చూస్తారు, చుట్టాల ముందు ఎలా నిలబడాలి అని వాళ్లే చీకట్లో ఊహించుకుంటారు. ఫలితాలకు వారం ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలి: తప్పితే అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, ఫీజు కడదాం, ఏడాది వృథా కాదు, ఆ రోజు మనమందరం కలిసి భోజనం చేస్తాం, ఎవరి ఫోన్లూ ఎత్తం. ఆఖరి మాట మరీ ముఖ్యం, రిజల్ట్ ఏమైందని అడిగే చుట్టాల ఫోన్లను పిల్లల దాకా రానివ్వకుండా ఆపాల్సింది తల్లిదండ్రులే.

ఇదంతా మనిషి ఒక్కడే తన టెన్షన్ తాను తగ్గించుకోవాలన్నట్టు వినిపిస్తే అది తప్పు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో, గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు పై అధికారుల్లో కంటే అట్టడుగు ఉద్యోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించారు. పొగతాగడం, బీపీ లాంటివి లెక్కలోంచి తీసేసినా తేడా చాలావరకు అలాగే ఉంది. 1985లో మొదలైన రెండో విడత అధ్యయనంలో మైకేల్ మార్మాట్ బృందం కారణం వెతికితే, తన పని మీద తనకు ఎంత పట్టు ఉంది అన్నది పెద్ద అంశంగా తేలింది. అంటే పై అధికారికి పని ఎక్కువున్నా ఎప్పుడు ఏది చేయాలో తేల్చుకునే వీలుంది, గుమాస్తాకు అది లేదు. షాపింగ్ మాల్‌లో పనిచేసే అమ్మాయికి రేపు ఏ షిఫ్టో ఇవాళ రాత్రి పదింటికి మెసేజ్ వస్తే, ఆమె ఎన్ని ప్రాణాయామాలు చేసినా ఏం లాభం? షిఫ్టులు వారం ముందే చెప్పడానికి యజమానికి రూపాయి ఖర్చు లేదు. సెలవు ఇస్తారో ఇవ్వరో వెంటనే చెప్పడం, తిట్టాల్సింది ఉంటే పదిమందిలో కాకుండా గదిలోకి పిలిచి చెప్పడం, శుక్రవారం సాయంత్రం సోమవారం మాట్లాడాలి అని మెసేజ్ పెట్టి దేని గురించో చెప్పకుండా వదిలేయకపోవడం, పైన కూర్చున్నవాళ్లు చేయగలిగినవి ఇవి.

కొన్నిసార్లు ఈ చిట్కాలేవీ పనిచేయవు, అది మనిషి తప్పు కాదు. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోవడం, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఉన్నట్టుండి గుండె దడ, చచ్చిపోవాలనే ఆలోచన, ఇవి కనిపిస్తే టెన్షన్ అని సరిపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఛాతీలో నొప్పి వస్తే అది గ్యాసో టెన్షనో అని ఇంట్లో తేల్చేయకూడదు, ముందు ఆసుపత్రిలో చూపించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ నంబరు 14416, డబ్బులు పడవు, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. వెళ్లడానికి మొహమాటపడే మనిషికి తోడుగా వెళ్లండి. ఏ రోజు, ఏ టైముకి, ఓపీ ఏ గదిలో అన్నది కూడా మీరే కనుక్కుని చెబితే, ఆ మనిషి బయల్దేరడానికి అడ్డుపడే భయం చాలావరకు తగ్గుతుంది.